ఆఖరి బంతిలో ఒక కుర్చీ

ఆఫీసుకి వెళ్లే దారిలో ఒక ఎర్ర ఇటుకల ఇల్లుంది. చాలా నెలలుగా దాని ముందు అద్దెకిస్తామన్న బోర్డు అలాగే నిలబడి ఉంది. నిన్న సిగ్నల్ దగ్గర కారు ఆపి దానివంకే చూస్తూ ఉండిపోయాను, వెనక కారతను హారన్ కొట్టేదాకా. ఒట్టావాలో హారన్ కొట్టారంటే నేను ఎంతసేపు అలా ఉండిపోయానో మీకు తెలుస్తుంది. మనం వచ్చిన రోజుల్లో ఆ ఇంట్లో ఒక పరుపు ఖాళీ అవుతోందని వాట్సాప్ గ్రూపులో పడితే చాలు, ఒషావా నుంచీ మాంట్రియల్ నుంచీ కూడా ఫోన్లు వచ్చేవి. హాల్లో అడ్డంగా దుప్పటి కట్టి దాన్ని గది అనేవాళ్లం, బేస్‌మెంట్‌లో ఫర్నేస్ పక్కన పడుకునేవాణ్ణి వెచ్చగా ఉంటాడని చూసి అసూయపడేవాళ్లం. ఇప్పుడు ఆ ఇంటిని అడిగే దిక్కు లేదు. జ్ఞాపకాలు రాసుకునే వయసా నీది అని మా ఆవిడ వెక్కిరిస్తుంది గానీ, ముప్పయ్యేళ్లు దాటీ దాటకముందే మన బ్యాచ్ వాళ్లమంతా ఏదో ఒక పాతకాలానికి చెందినవాళ్లం అయిపోయామని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అయితే మీరంతా స్టడీ పర్మిట్ మీద వచ్చారు, నేను ఇక్కడి పాస్‌పోర్టు మీద వచ్చాను. నేను పుట్టింది ఇక్కడే. ఒట్టావా శివారు కనాటాలో టెలికాం కంపెనీలు ఒక వెలుగు వెలుగుతున్న కాలంలో మా నాన్నగారు ఇంజనీరుగా వచ్చారు, నేను పుట్టాను, నాకు మాటలు సరిగ్గా రాకముందే ఆ కంపెనీలు ఒకదాని వెనక ఒకటి కూలబడ్డాయి, ఉద్యోగంతో పాటు పర్మిటూ పోయేసరికి ఉన్న సామాను అయినకాడికి అమ్మేసి అమ్మనీ నన్నూ తీసుకుని తణుకు వెళ్లిపోయారు. అక్కడ ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయారు. నాకు కెనడా తాలూకు జ్ఞాపకం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆయనకి మాత్రం అది తప్ప వేరే లోకం లేదు. కరెంటు పోయినా, రోడ్డు మీద ఎవడైనా అడ్డదిడ్డంగా బండి తోలినా, పాలు విరిగిపోయినా ‘అక్కడైతేనా’ అని మొదలుపెట్టేవారు, చుట్టాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకునేవారు. పెళ్లిళ్లలో ఆయన్ని చూసి ‘అదుగో కెనడా వచ్చింది’ అని గుసగుసలాడుకునేవారు. ఆయన వినపడనట్టు ఉండేవారు. ఆయన వేలు పట్టుకుని నడుస్తూ ఇదంతా విన్నాను గానీ, వెళ్లి తిరిగొచ్చిన మనిషి బతుకు ఎలాంటిదో నాకు అప్పట్లో బోధపడలేదు.

ఇంటర్ అయ్యి డిగ్రీలో చేరిన కొద్దికాలానికే మా ఊరి కుర్రాళ్లు తండోపతండాలుగా కెనడా బయల్దేరడం మొదలైంది. సందుకొక కన్సల్టెన్సీ వెలిసింది. అది చూసి నాన్నగారికి పూనకం వచ్చినట్టయింది. వీళ్లంతా పొలాలు తాకట్టు పెట్టి వెళ్తున్నారు, నువ్వు హక్కుగా వెళ్లాల్సినవాడివి, అది నీ దేశం అని నన్ను జనవరి సెమిస్టర్‌కి పంపించారు. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు పాస్‌పోర్టు చూసి ‘వెల్‌కమ్ హోమ్’ అంటే ఎవరితో అంటున్నాడో అని వెనక్కి తిరిగి చూశాను. మా అమ్మ అల్లిన స్వెట్టర్ వేసుకుని ఉన్నాను. బయట మైనస్ పాతిక.

కాలేజీలో కొత్తగా వచ్చిన విద్యార్థులకి పాత కోట్లూ బూట్లూ ఉచితంగా ఇస్తున్నారని విని నేనూ వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక అక్కడున్నావిడ నా ఐడీ చూసి, ఇది ఇంటర్నేషనల్ స్టూడెంట్స్‌కి మాత్రమేనని చాలా మర్యాదగా, నవ్వుతూ చెప్పింది. నాకు ముందున్న గుంటూరు అమ్మాయికీ నా వెనకున్న పంజాబీ కుర్రాడికీ కోట్లు దొరికాయి, కెనడాలో పుట్టిన నేను స్వెట్టర్‌తోనే బస్టాపుకి నడిచాను. ఉద్యోగాల దగ్గరా ఇదే వరస. ఇక్కడికి ఎప్పుడొచ్చావని అడిగేవారు, ఇక్కడే పుట్టానని చెబితే నా ఇంగ్లీషు విని అబద్ధమాడుతున్నాననుకునేవారు. ఒక షాపు మేనేజరైతే పగలబడి నవ్వి, పక్కవాణ్ణి పిలిచి నాచేత ఆ మాట మళ్లీ చెప్పించాడు.

ఆ ఎర్ర ఇటుకల ఇంట్లో మేము ఆరుగురం. మిగతా ఐదుగురికీ నేను ‘సిటిజన్’ని, అక్కడున్నన్నాళ్లూ నా పేరు ఎవరూ పలకలేదు. వాళ్లకి ఈ దేశంలో ఏ కష్టం వచ్చినా దానికి జవాబుదారీ నేనే. పర్మిట్ ఆలస్యమైతే ‘మీ గవర్నమెంటు’, బస్సు రాకపోతే ‘మీ ఒట్టావా’. మంచు పడిన ప్రతి పొద్దున్నా కడప కుర్రాడు పార తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. “మీ దేశం మంచు సామీ, మేము ముట్టుకుంటే తప్పు. నువ్వే తీయాల” అనేవాడు, అందరూ నవ్వేవారు, మొదట్లో నేనూ నవ్వాను. ఫిబ్రవరి వచ్చేసరికి నవ్వడం మానేసి తీశాను. వేళ్లు మొద్దుబారి, పగిలి రక్తం వచ్చినా ఒక్కడూ వచ్చి పార అందుకోలేదు.

అందరిలోకీ పెద్దవాడు వరంగల్ అన్న. పొద్దున కాలేజీ, సాయంత్రం నుంచి గోడౌన్‌లో పని, ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ తప్ప మరో ఆలోచన లేని మనిషి. ఒకరోజు అన్నం ముందు కూర్చుని నేను ఉండలేను, ఇంటికెళ్లిపోతాను అని ఏడ్చేశాను. అన్న కంచం పక్కన పెట్టి నావంక అసహ్యంగా చూశాడు. “నీకేందిరా భై, పుట్టుడే పీఆర్ తోని పుట్టినవ్. మేమేమో కాయితాలు పట్టుకొని సస్తున్నం. నువ్వు మా ముందల కూసోని ఏడుస్తున్నవా?” అన్నాడు. ఆ ఇంట్లో బెంగ పెట్టుకునే అర్హత అందరికీ ఉంది, నాకు తప్ప. తర్వాత నేను బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చేవాణ్ణి, దానికి కూడా వేడినీళ్లన్నీ అయిపోతున్నాయని తలుపు బాదేవారు.

నాన్నగారు మాత్రం ప్రతి ఫోన్‌లోనూ ఒకే మాట అనేవారు: నీకు అక్కడ మనవాళ్లున్నారు కదా అని. మనవాళ్లంటే కనాటాలో ఉన్న ఒక అంకుల్, ఆంటీ. అంకుల్ నాన్నగారితో కలిసి పనిచేసినవారు. కంపెనీలు కూలిన ఆ దెబ్బలో ఆయన ఉద్యోగం ఎలాగో నిలబడింది, ఉండిపోయారు, పెద్ద ఇల్లు కట్టుకున్నారు. మా అమ్మా ఆంటీ ఒకేసారి కడుపుతో ఉన్నారట, వాళ్లబ్బాయీ నేనూ ఒకే ఆసుపత్రిలో ఒకే వారంలో పుట్టామట. అమ్మకి ఒంట్లో బాగోలేక మంచం దిగనప్పుడు ఆంటీయే మా ఇద్దరికీ ఒకే టబ్బులో నీళ్లు పోసేదట. ఒకే దుప్పటి మీద పడుకోబెట్టి తీసిన మా ఇద్దరి ఫొటో తణుకులో మా హాల్లో గోడకి ఉండేది, ఇద్దరిలో నేనెవరో గుర్తుపట్టమని చుట్టాలకి చూపించడం అమ్మకి సరదా.

వచ్చిన కొత్తలో వాళ్లు నన్ను ఒక ఆదివారం భోజనానికి పిలిచారు. ఆంటీ బాగానే పెట్టింది. వెళ్లిపోయినవాళ్లు తొందరపడ్డారని, కాస్త ఓపిక పడితే మీ నాన్నా మాలాగే ఉండేవాడని అంకుల్ రెండు మూడుసార్లు అన్నారు, అలా అన్నప్పుడల్లా ఇల్లంతా ఒకసారి కలయచూశారు. వాళ్లబ్బాయి మేడ దిగి వచ్చి హాయ్ అని మళ్లీ మేడెక్కేశాడు. కలుస్తూ ఉండు బాబూ అని బస్టాపులో దింపారు, ఆ తర్వాత చలికాలం అంతా ఒక్క ఫోనూ లేదు.

ఏప్రిల్‌లో నేను తెగించి నాన్నగారితో చెప్పేశాను, ఈ సెమిస్టర్ అవగానే వచ్చేస్తాను అని. అప్పటికే ఆంటీ వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి తణుకు దాకా పిలుపు వెళ్లింది. ఆ ఫంక్షన్ అయ్యేదాకా ఆగు, వాళ్లమధ్య కూర్చుని ఒక్క పూట తిను, అప్పటికీ నీకు అక్కడ ఎవరూ లేరనిపిస్తే వచ్చెయ్యి, నేను అడ్డుచెప్పను అన్నారు. సరేనన్నాను. నేనుండాలా పోవాలా అన్నది ఆ పూట తేల్చాలని మా ఇద్దరికీ ఒప్పందం.

వారం తిరక్కుండా ఆంటీయే ఫోన్ చేసింది. హాల్లో మన ఊళ్లో లాగా వరసగా కూర్చోబెట్టి అరిటాకుల్లో బంతి భోజనాలు పెడుతున్నామని, అందరికీ అదొక థ్రిల్లని చెప్పి, “నువ్వు పొద్దున్నే వచ్చెయ్యి నాన్నా. వడ్డనకి మనిషి కావాలి. మీ రూమ్‌లో ఉన్నవాళ్లని కూడా తీసుకురా” అంది. నా గుండె ఉప్పొంగింది. మా వైపు సంగతి మీకు తెలుసు కదా, ఇంట్లో శుభకార్యమైతే బంతిలో వడ్డించేది ఇంటి కుర్రాళ్లు, అక్కచెల్లెళ్ల కొడుకులు, బాబాయిలు. పరాయివాడి చేతికి గరిటె ఇవ్వరు. పెదనాన్న ఇంట్లో పెళ్లికి మొదటిసారి నా చేతికి నేతిగిన్నె ఇచ్చిన రోజున నేను పెద్దవాణ్ణయిపోయాననుకున్నాను. ఆంటీ నన్ను వడ్డనకి పిలిచిందంటే అంతకంటే కావలసిందేముంది! నేను ఆ మాట చెబితే వరంగల్ అన్న షూ లేసులు కట్టుకుంటూ తల కూడా ఎత్తలేదు. “ఫంక్షన్‌కు పిలిచిన్రా, పనికి పిలిచిన్రా? గా ముచ్చట అడిగినవా?” అన్నాడు. వాళ్లు అప్పటికే అలాంటి హాళ్లలో చాలాసార్లు పనిచేసినవాళ్లు. కుళ్లు అనుకున్నాను. వాళ్లు నల్ల టీషర్టుల్లో వచ్చారు, నేను అమ్మ పంపించిన పట్టుపంచె కట్టుకుని వెళ్లాను.

ఆంటీ నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, బట్టలు పాడవుతాయి నాన్నా అంటూ ఒక ఏప్రనూ చేతికి తొడుగులూ ఇచ్చింది. ఎంత ఆపేక్షో అనుకున్నాను. ఆ రోజు నేను చేసిన హడావిడి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆకు ఎటు వేయాలో అందరికీ చెప్పాను, తీపి ముందు పడాలని కేటరింగ్ ఆయనతో గొడవపడ్డాను, పప్పు పడకుండానే సాంబారు తెచ్చిన కడప కుర్రాణ్ణి కసిరాను. మా ఊళ్లో లాగే ముక్కూమొహం తెలియనివాళ్లని కూడా బాబాయ్ అనీ పిన్నీ అనీ పిలుస్తూ, ఆకుకి చెయ్యి అడ్డం పెట్టినా ఇంకొక్క గరిటె అంటూ కొసరి కొసరి వేశాను. మొహమాటానికి వద్దంటున్నారనుకున్నాను. వాళ్లు నిజంగానే వద్దంటున్నారు. ఒకావిడ పక్కావిడతో ఇంగ్లీషులో, ఈ పిల్లాడికి చెబితే అర్థం కాదా అంది.

వాళ్లబ్బాయి స్నేహితులతో కూర్చున్న వరస దగ్గరికి వచ్చేసరికి నాకు ఉత్సాహం ఆగలేదు. వచ్చిన ఇంగ్లీషులో, మనిద్దరం ఒకే ఆసుపత్రిలో పుట్టాం, మనిద్దరికీ మీ అమ్మే నీళ్లు పోసింది, నీకు తెలుసా అన్నాను. అతను మంచివాడే, మర్యాదగా నవ్వాడు. “ఓ, కూల్” అని, తమకి కొంచెం నీళ్లు తెచ్చిపెడతానా అని అడిగాడు. తెచ్చిపెట్టాను.

మా ఊళ్లో ఆఖరి బంతి వడ్డించినవాళ్లది, ఇంటివాళ్లది. అతిథులంతా లేచాక అలిసిపోయిన కుర్రాళ్లూ పెళ్లిపెద్దలూ పక్కపక్కనే కూర్చుని, ఎవరికి ఏం మిగిలిందో చూసుకుని ఒకరి ఆకులో ఒకరు వేసుకుంటూ తినే ఆ భోజనం కోసమే మేము పొద్దున్నుంచీ ఆకలి ఆపుకునేవాళ్లం. ఇక్కడా ఆఖరి బంతికి అంకుల్ వాళ్లంతా కూర్చుంటున్నారు. నేను ఏప్రన్ విప్పి, చేతులు కడుక్కుని, పంచె సర్దుకుని, వాళ్లబ్బాయి పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చున్నాను. అదే సమయానికి, నిద్ర మానుకుని కాచుకున్న నాన్నగారు వీడియో కాల్ చేశారు. ఫోన్‌ని నీళ్ల జగ్గుకి ఆనించి పెట్టాను. నన్నూ, నా పక్కన వాళ్లబ్బాయినీ ఒకే తెరలో చూసి ఆయన మొహం విప్పారింది. అమ్మని లేపుతున్నట్టు గొంతు వినపడింది, రావే, ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు చూద్దువుగాని అని.

అప్పుడు ఆంటీ వెనకనుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ ఫోన్ చూడలేదు. “బాబూ, ఇక్కడ అన్నయ్యగారు కూర్చుంటారు. మీవాళ్లంతా కిచెన్‌లో తింటున్నారు చూడు, నీక్కూడా అక్కడే పెట్టమన్నాను” అంది. గొంతులో కోపం లేదు, చిన్నచూపు కూడా లేదు. వంటమనిషికి చెప్పినట్టు, చాలా మామూలుగా చెప్పింది. నేను లేచాను. లేస్తుంటే పంచె కుర్చీకి పట్టుకుంది, వాళ్లబ్బాయే విడిపించాడు. తెరమీద నాన్నగారు కదలకుండా చూస్తున్నారు. అప్పటికి అంకుల్ ఫోన్ గమనించి చేతిలోకి తీసుకున్నారు. “ఏరా, బాగున్నావా! మీవాడు బంగారంరా, పొద్దున్నుంచీ ఒంటికాలి మీద నిలబడి చేశాడు, ఇలాంటి పనివాడు దొరకడు” అన్నారు. నాన్నగారు నవ్వారు. “వాడికి అలవాటేలేరా. ఇంకేమన్నా ఉంటే చెప్పు, చేస్తాడు” అన్నారు. నేను మళ్లీ ఎప్పుడూ ఆయన అలా నవ్వగా చూడలేదు, చూడాలని కూడా లేదు.

వంటగదిలో మావాళ్లు తలకిందులుగా బోర్లించిన డబ్బాల మీద కూర్చుని తింటున్నారు. కడప కుర్రాడు నన్ను చూసి, ఏం సిటిజన్, బంతిలోనించి లేపినారా అన్నాడు, ఇద్దరు నవ్వారు. వరంగల్ అన్న జరిగి చోటిచ్చాడు. “కూసో. పప్పు ఒడిసింది” అన్నాడు ఖాళీ గిన్నె చూపించి. వెళ్లేటప్పుడు ఆంటీ అందరికీ మిగిలిన పులిహోర రేకు డబ్బాల్లో సర్ది ఇచ్చింది, నాదీ వాళ్లదీ ఒకే సైజు.

హాల్ బయట మెట్ల మీద నిలబడి నేనే ఫోన్ చేశాను. ఎండగా ఉంది, మొదటిసారి కోటు అక్కర్లేని రోజు. చూశారుగా నాన్నగారూ, ఒప్పందం ప్రకారం నేను వచ్చేస్తాను అన్నాను. ఆయన గొంతు నిలకడగా ఉంది.

“రావద్దు” అన్నారు. “నేను వచ్చి చూశాన్రా. వెళ్లి తిరిగొచ్చినవాడికి ఎక్కడా కుర్చీ ఉండదు. నువ్వు ఇప్పటికే ఒకసారి తిరిగెళ్లావు, ఇంకోసారి తిరిగొస్తే రెండుచోట్లా పోతావు. వంటగదిలో పెడితే వంటగదిలోనే తిను. అక్కడే తిను. ఇక్కడికి మాత్రం రాకు.”

మాటిచ్చారు కదా అన్నాను. తప్పానులే అని ఫోన్ పెట్టేశారు. తర్వాత చాలాకాలం ఇంటికొస్తానన్న మాట ఎత్తితే చాలు లైన్ కట్ చేసేవారు, అమ్మ ఏడిస్తే అమ్మచేతా కట్ చేయించేవారు. ఆంటీ అన్నదాన్ని నేను ఎప్పుడో వదిలేశాను, ఆవిడ తెలియక అంది. నాన్నగారు అన్నీ తెలిసి అన్నారు. అది నాలో ఇంకా అరగలేదు.

ఉండిపోయాను. చదువయింది, కనాటాలోనే ఉద్యోగం వచ్చింది, ఇల్లు వచ్చింది. వరంగల్ అన్న పీఆర్‌కి పాయింట్లు చాలక, పర్మిట్ అయిపోయి హైదరాబాద్ వెళ్లిపోయాడు. వెళ్లేముందు నా పేరు అడిగాడు, ఎయిర్‌పోర్టులో, మొదటిసారి. ఇప్పుడు ఆంటీ నన్ను ఎక్కడ చూసినా చెయ్యిపట్టుకుని, వీడూ మావాడూ ఒకే టబ్బులో నీళ్లు పోయించుకున్నారండీ అని నలుగురికీ పరిచయం చేస్తుంది, తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంటుంది. నేను నవ్వుతాను. మన ఫంక్షన్లలో ఇప్పుడు బంతులూ లేవు, వడ్డించే కుర్రాళ్లూ లేరు, వచ్చేవాళ్లు తగ్గిపోయారు, ఎవరి కంచం వాళ్లు పట్టుకుని వరసలో నిలబడి వేసుకోవడమే.

మొన్న వేసవిలో పెదనాన్న కూతురి పెళ్లికి తణుకు వెళ్లాను. అక్కడ ఇంకా బంతులున్నాయి, ఇంటి కుర్రాళ్లే వడ్డిస్తున్నారు. చేతులు పైకి మడుచుకుని, అలవాటుగా నేతిగిన్నె అందుకోబోయాను. నాన్నగారు వచ్చి నా చేతిలోంచి గిన్నె తీసేసుకున్నారు. మొదటి బంతిలో, ఊరి పెద్దల వరసలో, ఒక కుర్చీ తుడిచి లాగి, “నువ్వు కూర్చో నాన్నా, ఎన్నాళ్లకో వచ్చినవాడివి” అన్నారు. ఆ గొంతులో ఎంత గర్వమో చెప్పలేను. నేను కూర్చున్నాను. ఎవరో తెలియని కుర్రాడు వచ్చి నా ఆకులో నెయ్యి వేసి, ఇంకొంచెం వేసుకోండి అంకుల్ అన్నాడు.